గుండ్రటి వస్తువు మీద పేరు తిన్నగా పడాలంటే: రోలరా, చక్కా, రెండూ లేకుండానా?

కిందటి ఏడాది ఒక గృహప్రవేశానికి 60 స్టీలు బాటిళ్ల మీద ఇంటిపేరు, తేదీ లేజర్‌తో చెక్కి ఇచ్చే పని ఒప్పుకున్నాను. నల్లటి పౌడర్ కోటింగ్ ఉన్న బాటిళ్లు, ఒకవైపు కంపెనీ గుర్తు. పేరు సరిగ్గా దానికి ఎదురువైపు రావాలి. ఒక్కో బాటిల్‌ను రోలర్ల మీద పెట్టడం, గుర్తు కిందికి పోయేలా కంటితో చూసి తిప్పడం, పని మొదలుపెట్టడం. చేతిలోకి తీసుకుని చూస్తే ఏ ఒక్కటీ తప్పనిపించలేదు. అన్నీ అయ్యాక బల్ల మీద వరసగా నిలబెట్టి, గుర్తులన్నిటినీ గోడవైపు తిప్పాను. పేర్లు ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ చూస్తున్నాయి, పెళ్లి గ్రూపు ఫొటోలో పిల్లల్లాగా. టేపు పెట్టి కొలిస్తే అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల దాకా తేడా.

యంత్రాన్ని తిట్టుకుని లాభం లేదు. బాటిల్ ఎక్కడ మొదలైందో రోలర్‌కు తెలియదు. నేను కంటితో ఎక్కడ పెడితే అదే దానికి సున్నా. ఆ రోజు నుంచి, రోటరీ (చెక్కేటప్పుడు గుండ్రటి వస్తువును తిప్పే పరికరం; రోలర్ల మీద తిప్పేదొకటి, చక్ దవడలతో పట్టుకుని తిప్పేదొకటి) కొనబోతూ "రోలర్ మంచిదా, చక్ మంచిదా?" అని అడిగేవారిని నేను తిరిగి ఒకటే అడుగుతున్నాను: మీ వస్తువుకు ముఖం ఉందా?

## కొనేముందు వస్తువును చూడండి

ముఖం అంటే, ఇటువైపే ముందు అని వస్తువే చెప్పే గుర్తు. కప్పుకు పిడి, బాటిల్‌కు కంపెనీ ముద్ర, పెన్నుకు జేబు క్లిప్పు, వేణువుకు రంధ్రాల వరస. ఇవి ఉంటే చెక్కేది వాటికి లెక్కగా కూర్చోవాలి. సాదా స్టీలు గ్లాసుకు, చపాతీ కర్రకు ముఖం లేదు. పేరు ఎక్కడ పడితే అదే ముఖం అవుతుంది. మీ పనంతా ముఖం లేని వస్తువులతోనే అయితే ఇక్కడ చెప్పబోయే చిక్కుల్లో సగం మీవి కావు. అంచుకు సమాంతరంగా వస్తే చాలు.

ముఖం తర్వాత చూడాల్సింది ఆకారం. నిలువునా ఒకే లావు ఉందా, కిందికి సన్నబడుతోందా, మెడ ఉందా, పిడి అడ్డం వస్తుందా? ఆ తర్వాత, బొమ్మ చుట్టూ ఎంత మేర పాకుతుంది? రెండు వేళ్ల వెడల్పు పేరుకూ, మొదలూ చివరా కలవాల్సిన పూల తీగకూ ఒకే కచ్చితత్వం అక్కర్లేదు. ఆపైన సంఖ్య. ఒక్కటి చేసేవారు అరగంట కొలుచుకోవచ్చు, వంద చేసేవారికి ఒక్కోదానికి పది సెకన్లకు మించి ఉండవు.

లేజర్ రకం కూడా లెక్కలోకి వస్తుంది కానీ, అది అమరికకన్నా పదార్థానికి సంబంధించిన సంగతి. పౌడర్ కోటింగ్‌ను డయోడ్ లేజరూ, సీఓటూ లేజరూ చక్కగా లేపేస్తాయి. ఉత్త స్టీలు మీద సీఓటూ నేరుగా గీయలేదు, ముందు మార్కింగ్ స్ప్రే పూయాలి. రాగి చెంబు మీద, వెండి గ్లాసు మీద నేరుగా చెక్కాలంటే ఈ మూడింట్లో ఫైబర్ లేజరే దారి.

## అసలు రోటరీ ఎందుకు?

అమ్మేవాళ్లు చెప్పని ఎంపిక ఇది. ముందు లెక్క చూద్దాం. 73 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బాటిల్‌ను వి ఆకారపు దిమ్మెలో పడుకోబెట్టారనుకోండి. నడినెత్తి గీత నుంచి పక్కకు 6 మి.మీ. జరిగితే ఉపరితలం కిందికి దిగేది అర మిల్లీమీటరు మాత్రమే. 10 మి.మీ. జరిగితే 1.4 మి.మీ. అంటే 12 మి.మీ. ఎత్తు అక్షరాలతో బాటిల్ పొడవునా, పైనుంచి కిందికి పేరు రాయాలంటే బాటిల్‌ను తిప్పనక్కర్లేదు. ఫోకస్ చెడదు. అక్షరాలు సాగినట్టు కూడా కనిపించవు, 20 మి.మీ. వెడల్పులో సాగేది నూటికి ఒకటిన్నర వంతు లోపే.

అమరికలో దీన్ని మించినది లేదు. కదిలే భాగాలే లేనప్పుడు జారేదేముంది? దిమ్మె బల్లకు బిగించి ఉంటే, ముద్ర కచ్చితంగా కిందికి వచ్చేలా దిమ్మె అడుగున ఒక కిటికీ కోసుకుంటే, వంద బాటిళ్లు ఒకే చోట పడతాయి. నా 60 బాటిళ్లు మళ్లీ చేయాల్సి వస్తే పేరు నిలువుగా రాద్దామని ముందే ఒప్పించి ఉండేవాణ్ణి.

సన్న వస్తువులకు ఈ లెక్క తిరగబడుతుంది. 10 మి.మీ. వ్యాసం ఉన్న పెన్ను మీద 3 మి.మీ. పక్కకు పోతే ఉపరితలం ఒక పూర్తి మిల్లీమీటరు దిగిపోతుంది. పెన్నుల మీద 3 మి.మీ. ఎత్తు అక్షరాలు తిప్పకుండా బాగానే వస్తాయి. అంతకు మించితే అంచులు మసకబారతాయి.

## రోలర్: సులభం, కానీ మతిమరుపు

రెండు రోలర్ల మీద వస్తువు ఊరికే పడుకుంటుంది. ఒక రోలర్ తిరిగితే రాపిడితో వస్తువూ తిరుగుతుంది. దీనిలో గొప్ప సుఖం ఒకటుంది: వస్తువు వ్యాసం ఎంతైనా, రోలర్ అంచు 50 మి.మీ. కదిలితే వస్తువు ఉపరితలం కూడా 50 మి.మీ. కదులుతుంది. సాఫ్ట్‌వేర్‌కు రోలర్ వ్యాసం ఒకసారి చెప్తే చాలు. గ్లాసు తర్వాత సీసా, సీసా తర్వాత చపాతీ కర్ర పెట్టినా బొమ్మ కొలత మారదు. రకరకాల వస్తువులు ఒక్కొక్కటిగా తెచ్చే ఇంటి పనులకు దీన్ని మించిన సౌకర్యం లేదు.

కష్టం కూడా ఆ రాపిడిలోనే ఉంది. నున్నటి, తేలికైన గ్లాసు జారుతుంది, జారిందని చెప్పేవాళ్లెవరూ ఉండరు. పరీక్షించడం మాత్రం తేలిక. వస్తువు మీద, పక్కనే రోలర్ మీద ఒకే వరుసలో మార్కర్‌తో చిన్న గీత పెట్టండి. సాఫ్ట్‌వేర్ నుంచి వస్తువును ఐదు చుట్లు ముందుకు, ఐదు వెనక్కి తిప్పండి. గీతలు మళ్లీ ఎదురెదురుగా రాకపోతే జారుతోందన్నమాట. వస్తువుకు రెండు రబ్బరు బ్యాండ్లు తొడగడం, బాటిల్ లోపల బరువుగా ఇసుక సంచి పెట్టడం, వేగం పెంచే తీరును సాఫ్ట్‌వేర్‌లో నెమ్మది చేయడం, ఈ మూడింట్లో ఒకటి పనిచేస్తుంది. రబ్బరు బ్యాండు వేస్తే రెండు కొసలా ఒకే మందం వేయండి. ఒకవైపే వేస్తే వస్తువు పీతలా పక్కకు పాకుతుంది.

ఇంకొకటి చాలామంది గమనించరు. అక్షరాన్ని నింపుతూ చెక్కేటప్పుడు లేజర్ తల బాటిల్ పొడవునా అటూ ఇటూ పరుగెడుతుంది, బాటిల్ మాత్రం గీతకో వెంట్రుకవాసి తిరుగుతుంది. ఆ నెమ్మదిలో జారడానికి అవకాశం తక్కువ. అదే బొమ్మను ఉత్త అంచు గీతలుగా గీయమంటే బాటిల్ ప్రతి మలుపు దగ్గరా గిర్రున ముందుకూ వెనక్కూ తిరగాలి. రోలర్ మీద జారేది అప్పుడే. కాబట్టి రోలర్ ఉన్నవాళ్లు సన్న గీతల ముగ్గులకన్నా నింపిన బొమ్మలే ఎంచుకోవడం మంచిది.

పిడి ఉన్న కప్పు రోలర్ మీద పూర్తి చుట్టు తిరగలేదు, పిడి రోలర్‌కు తగులుతుంది. రెండు వైపులా చెక్కాలంటే మధ్యలో ఎత్తి మళ్లీ పెట్టాలి. మళ్లీ పెట్టడమంటే మళ్లీ సున్నా వెతుక్కోవడమే.

## చక్: పట్టు వదలదు, లెక్క అడుగుతుంది

చక్‌కు మూడు దవడలుంటాయి. వస్తువును బయటనుంచి బిగించి పట్టుకుంటాయి, లేదా కప్పు నోట్లోకి దూరి లోపలినుంచి తెరుచుకుంటాయి. బిగిసిందంటే మోటారు ఎంత తిరిగితే వస్తువూ అంతే కోణం తిరుగుతుంది. జారడమనే మాట లేదు. అరగంట చెక్కి, వెనక్కి తిప్పి, అదే గీత మీద రెండోసారి చెక్కినా వెంట్రుకవాసి తేడా రాదు. ఒక దవడ మీద గీత గీసుకుని, ప్రతి బాటిల్ ముద్రనూ ఆ గీతకు ఎదురుగా పెట్టి బిగిస్తే అరవైకి అరవై ఒకేలా వస్తాయి. నాకు ఆ రోజు కావలసింది అదే.

దీనికి ఇవ్వాల్సిన మూల్యం వ్యాసం. చక్‌కు తెలిసింది కోణం మాత్రమే. ఆ కోణం మిల్లీమీటర్లలో ఎంతో తెలియాలంటే వస్తువు వ్యాసం మీరు చెప్పాలి. 73 అనాల్సినచోట 74 అన్నారనుకోండి, చుట్టుకొలతలో 3.14 మి.మీ. తప్పు వస్తుంది. చిన్న పేరులో అది కనబడదు. చుట్టూ తిరిగొచ్చే తీగలో మాత్రం మొదలూ చివరా కలిసేచోట పళ్ల సందులా తెలుస్తుంది. వర్నియర్ కాలిపర్ లేకుండా చక్ కొనకండి.

పల్చటి స్టీలు గ్లాసును గట్టిగా బిగిస్తే దవడల దగ్గర నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, కాబట్టి దవడలకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. పొడవాటి బాటిల్ రెండో కొస వాలిపోకుండా ఆనించే టెయిల్‌స్టాక్ కూడా ఉండాలి. బాటిల్‌ను వంకరగా బిగిస్తే తిరిగేటప్పుడు కొస ఊగుతుంది, బొమ్మ ఒకచోట ఫోకస్‌లో ఉండి ఒకచోట తప్పుతుంది. పని మొదలుపెట్టే ముందు ఒక చుట్టు ఊరికే తిప్పి కొస దగ్గర చూడండి. ఇంకో చిక్కు, చక్ ఎత్తుగా ఉంటుంది. బల్లకూ లేజర్ తలకూ మధ్య ఖాళీ తక్కువున్న యంత్రాలను కాళ్ల మీద ఎత్తి నిలబెట్టాల్సి వస్తుంది. కొనేముందు ఆ ఖాళీ కొలవండి.

| చూడాల్సినది | దిమ్మె, రోటరీ లేకుండా | రోలర్ | చక్ |
|---|---|---|---|
| పిడి, ముద్ర ఉన్న వస్తువు | చాలా నమ్మకం, సన్న పట్టీకే | కంటి కొలత, లేదా ఆనింపు (పిడిని ఆపే చెక్క ముక్క) కావాలి | దవడ గీతతో కచ్చితం |
| చుట్టూ కలవాల్సిన బొమ్మ | కుదరదు | జారకపోతే సరే | వ్యాసం సరిగా చెప్తే చక్కగా |
| కిందికి సన్నబడే గ్లాసు | సన్న పట్టీకి సరే | పక్కకు పాకుతుంది | వంచి పెట్టుకోవచ్చు |
| రకరకాల సైజులు, ఒక్కొక్కటి | దిమ్మె ఎత్తు మార్చాలి | సులభం | ప్రతిసారీ కొలవాలి |
| వంద ఒకే రకం | అన్నిటికన్నా వేగం | నెమ్మది, తేడాలు వస్తాయి | వేగం, నమ్మకం |
| తేలికైన నున్నటి వస్తువు | ఇబ్బంది లేదు | జారుతుంది | ఇబ్బంది లేదు, నొక్కుకుపోకుండా చూడాలి |

## కిందికి సన్నబడే గ్లాసు

పట్టికలో ఒక వరుసతో తేలే సంగతి కాదిది. పైన 86, కింద 70 మి.మీ. వ్యాసం, 150 మి.మీ. ఎత్తు ఉన్న గ్లాసు తీసుకుందాం. దీన్ని చక్‌లో అడ్డంగా బిగిస్తే పై గీత ఒక కొస నుంచి మరో కొసకు 8 మి.మీ. దిగుతుంది. అంత తేడాను మామూలు ఫోకస్ భరించదు. చక్‌ను సుమారు 3 డిగ్రీలు వంచితే పై గీత సమతలమవుతుంది. వంచే ఏర్పాటు లేని చక్ అయితే కింద రేకు ముక్కలు పేర్చండి. రోలర్ల మీద ఇంకా ఘోరం, గ్లాసు కింద ఆనుతుంది కాబట్టి దిగేది 16 మి.మీ.కి పైనే. సన్న కొసను ఎత్తాలి, ఎత్తితే బరువు అటూ ఇటూ మారి పట్టు తగ్గుతుంది. అదీగాక రోలర్ పొడవునా ఒకే వేగంతో తిరుగుతుంటే, గ్లాసు పై అంచుకు ఎక్కువ దూరం, అడుగుకు తక్కువ దూరం తిరగాలని ఉంటుంది. ఆ పోట్లాటలో ఏదో ఒకచోట జారుతుంది, గ్లాసు మెల్లగా వంకర తిరుగుతుంది. నేలమీద పడుకోబెట్టిన గ్లాసును తోసి చూడండి, తిన్నగా దొర్లకుండా గుండ్రంగా తిరిగి మీ దగ్గరికే వస్తుంది. రోలర్ల మీద అది చేయాలనుకునేదీ అదే.

బొమ్మ సాగే సంగతి వేరు. చక్‌లో గ్లాసు నడిమి వ్యాసం 78 అని చెప్తే, పైన బొమ్మ నూటికి పది వంతులు సాగుతుంది, కింద అంతే కుంచించుకుంటుంది. కానీ పేరు ఎత్తు 20 మి.మీ. మాత్రమే అయితే ఆ కాస్త ఎత్తులో వ్యాసం మారేది 2 మి.మీ.కి కాస్త పైన, అంతే. పేరు పడే చోట నడుమ వ్యాసం కొలిచి అదే చెప్పండి, తేడా ఎవరికీ కనిపించదు. గ్లాసు నిండా పరిచే బొమ్మ అయితే ముందే కంప్యూటర్‌లో పైభాగం కుదించి, కింది భాగం సాగదీయక తప్పదు. నా మటుకు నేను అలాంటి పనులకు వద్దనే చెప్తాను. డబ్బు తక్కువ, ఏడుపు ఎక్కువ.

## సున్నా పెట్టే పద్ధతులు

రోటరీ ఏదైనా, సున్నా ఎలా పెడతారన్నది వేరే ఎంపిక. ఇక్కడ ఖరీదైన పరికరం కన్నా ఒక కాగితం ముక్క ఎక్కువ పనిచేస్తుంది.

ఎర్ర చుక్క. లేజర్ ఎక్కడ పడుతుందో చూపే వెలుగు చుక్క, అందరూ మొదట వాడేది. బొమ్మ చుట్టూ చుక్కను తిప్పి ఎక్కడ పడుతుందో చూస్తారు. చాలా యంత్రాల్లో చుక్క లేజర్ పక్కనుంచి ఏటవాలుగా పడుతుంది, కాబట్టి ఎత్తు మారితే చుక్క జరుగుతుంది. చదును పలక మీద సరిచూసిన చుక్క బాటిల్ మీద అబద్ధం చెప్పవచ్చు. ముందు బాటిల్ నడినెత్తి ఎక్కడో తెలియాలి. బాటిల్ మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, దాని మీద మట్టపు గొట్టం ఉంచండి. స్కేలు సమంగా నిలిచినప్పుడు అది బాటిల్‌ను తాకే గీతే నడినెత్తి. అక్కడ టేపు అంటించి, తక్కువ శక్తితో ఒక చుక్క కాల్చి చూడండి. ఎర్ర చుక్కకూ కాలిన చుక్కకూ తేడా ఉంటే ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌కు చెప్పండి, లేదా చుక్కను నమ్మడం మానండి.

కాగితపు పట్టీ. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఒక అంగుళం వెడల్పు కాగితాన్ని వస్తువుకు బిగుతుగా చుట్టి, కలిసేచోట బ్లేడుతో కోయండి. విప్పి సగానికి మడవండి, మళ్లీ సగానికి మడవండి. మడతల దగ్గర పెన్సిల్ గీతలు పెట్టి తిరిగి చుట్టండి. అంకెలు లేకుండా, కాలిక్యులేటర్ లేకుండా చుట్టుకొలత నాలుగు సమభాగాలైంది. కోసిన అంచు పిడి నడుమ దగ్గర ఉంటే, పైనుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిశలో లెక్కపెడితే, మొదటి మడత కుడిచేత్తో కప్పు పట్టుకున్న మనిషికి ఎదురుగా వస్తుంది. మూడో మడత ఎదురుగా కూర్చున్న మనిషికి. కప్పు మీద పేరు తనకు కనబడాలా, ఎదుటివారికి కనబడాలా అని ముందే అడగండి. చాలామంది దాని గురించి ఆలోచించి ఉండరు. 82 మి.మీ. కప్పుకు చుట్టుకొలత 257.6, నాలుగో వంతు 64.4. పట్టీ మడతను స్కేలుతో కొలిస్తే కూడా అంతే వస్తుంది.

టేపు మీద నమూనా. వస్తువంతా మాస్కింగ్ టేపు చుట్టి, టేపు మాత్రమే మాడేంత శక్తితో ముందు బొమ్మ వేసి చూడడం. పెళ్లికి వెండి గ్లాసు తెచ్చినవారి ముందు ఇది తప్ప వేరే పద్ధతి వాడే ధైర్యం నాకు లేదు. చక్ మీద అయితే టేపు తీసి అదే చోట చెక్కవచ్చు. రోలర్ మీద టేపు తీయడానికి గ్లాసు ఎత్తారో, సున్నా పోయినట్టే. ఎత్తకుండానే తీయండి.

తొలిసారి రోటరీ అమర్చినప్పుడు కూడా ఇదే టేపు మీద 20 మి.మీ. చతురస్రం గీసి కొలవండి. ఒకవైపు 20, మరోవైపు 19 వస్తే చుట్టుకు మోటారు ఎన్ని స్టెప్పులు వేయాలన్న అంకెగానీ, మీరు చెప్పిన వ్యాసంగానీ తప్పు. చతురస్రం పక్కన "క" కూడా పెట్టండి. మోటారు తిరగేసి తిరుగుతున్నా చతురస్రం చతురస్రంగానే కనిపిస్తుంది, "క" మాత్రం అద్దంలో బొమ్మలా వచ్చి గుట్టు చెప్పేస్తుంది.

ఆనింపు. చెక్కతోగానీ ప్లైవుడ్‌తోగానీ పిడి తగిలి ఆగేలా చేసిన చిన్న ముక్క. రోలర్ మీద వంద కప్పులు చేయాలంటే ఇదొక్కటే దారి. రోలర్ ఉన్నవాళ్లకు ఇది చక్ కొన్నంత పని చేస్తుంది. పిడి ముక్కకు తగిలేదాకా తిప్పండి, చెక్కడం మొదలుకాగానే ముక్క అడ్డం రాకుండా జరపండి. బాటిల్ మూత కొక్కేన్ని మాత్రం ఆనింపుగా వాడకండి. మూత బిగిసేచోటు ఒక్కో బాటిల్‌కు ఒక్కోలా ఉంటుంది.

కెమెరా. బల్ల మీదినుంచి చూసే కెమెరా చదును వస్తువులకు బాగుంటుంది. రోటరీ మీద వస్తువు ఎత్తుగా, గుండ్రంగా ఉంటుంది, బొమ్మేమో పరిచినట్టుగా తెర మీద ఉంటుంది. బాటిల్ పొడవులో పేరు ఎక్కడ పడాలో చూసుకోవడానికి తప్ప దీన్ని నమ్మకండి.

స్టీలు సామాన్ల కొట్లలో గిన్నెల మీద పేర్లు వేసే పెద్దాయన ఒకరు నాకు తెలుసు. కరెంటు సూది కుడిచేతిలో కదలకుండా ఉంటుంది, ఎడమచేతి బొటనవేలు గ్లాసును తిప్పుతుంది. మన రోటరీ అదే. ఒక సెట్టులోని ఆరు గ్లాసులకూ పేరు ఒకే చోట వేయడం చూసి అడిగాను.

"ముఖం లేని గ్లాసుకు ఎక్కడ మొదలుపెట్టాలో మీకెలా తెలుస్తుంది బాబాయ్?"

"అడుగు చూడు అబ్బాయ్. కంపెనీ ముద్ర తల ఎటుంటే పేరు అటు."

అప్పటినుంచి చక్‌లో గ్లాసు బిగించేటప్పుడు నేనూ అడుగు చూస్తున్నాను. నోటివైపు దవడల్లో ఉంటే అడుగు నా వైపే ఉంటుంది, ముద్ర నిటారుగా నిలిచేదాకా తిప్పి బిగించడమే.

## తెలుగు పేరు నడిమికి రాదెందుకు?

సాఫ్ట్‌వేర్ నడుమ అంటే అక్షరాల చుట్టూ గీసిన పెట్టెకు నడుమ. "రమ" అని రాస్తే గొడవ లేదు. "పద్మ" అని రాస్తే ఒత్తు కిందికి దిగుతుంది, పెట్టె కిందికి పెరుగుతుంది, దాంతో పేరు మొత్తం పైకి జరిగినట్టు కనిపిస్తుంది. భార్యాభర్తల పేర్లు రెండు గ్లాసుల మీద వేసి పక్కపక్కన పెడితే ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. కాబట్టి అన్ని పేర్లకూ అక్షరాల ప్రధాన గీతనే కొలతగా తీసుకుని, ఒత్తులనూ గుడులనూ లెక్కలోకి రానివ్వకండి. నేను ప్రతి పేరు చుట్టూ ఒకే సైజు ఖాళీ పెట్టె గీసి, ఆ పెట్టెను చెక్కకుండా వదిలేసి, దాని నడుమనే సున్నాగా పెడతాను.

లేజర్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు రావడం కూడా మామూలే. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో రాసి, అక్షరాలను గీతలుగా మార్చి తెచ్చుకుంటే ఆ బాధ ఉండదు.

## ఎవరికి ఏది

ఇంట్లో డయోడ్ యంత్రం పెట్టుకుని, స్నేహితులకు గ్లాసులు, చపాతీ కర్రలు చెక్కే సరదా ఉన్నవారు రోలర్ కొనండి. తేలికైన వస్తువులకు రబ్బరు బ్యాండ్లు, ముఖం ఉన్నవాటికి చెక్క ఆనింపు. చక్ లేదన్న లోటు మీకు ఏడాదికి రెండుసార్లు తెలుస్తుంది, అంతే.

పిడి ఉన్న కప్పులు, రెండువైపులా చెక్కే పనులు, సన్నబడే గ్లాసులు రోజూ వచ్చేవారికి రోలర్ మీద పెట్టే ప్రతి రూపాయీ దండగ. టెయిల్‌స్టాక్ ఉన్న, వంచడానికి వీలున్న చక్ తీసుకోండి. రెండూ కలిపి అమ్మే పరికరాలు ఉన్నాయి. రోలర్లు బిగించడం, విప్పడం విసుగు కాదనుకుంటే అవీ బాగుంటాయి. కానీ మార్చిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్‌లో రకం మార్చడం మరిచిపోతారు. నేను మరిచిపోయాను. లేజర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ లైట్‌బర్న్‌లో రోటరీ సెటప్ పేజీలో చక్, రోలర్ అన్న రెండు ఎంపికలూ పక్కపక్కనే ఉంటాయి, తప్పుగా ఉన్నా అది నోరెత్తదు.

రిటర్న్ గిఫ్టుల ఆర్డర్లు పట్టేవారు ముందు దిమ్మె చేయించుకోండి, ఆ తర్వాత చక్ గురించి ఆలోచించండి. గిన్నెల కొట్టులో ఫైబర్ లేజర్ పెట్టబోయేవారికి కూడా చిన్న పేర్లకు రోటరీ అక్కర్లేదు. గ్లాసు చుట్టూ వరస రాయాల్సి వస్తే చక్ పెట్టండి. ఫైబర్ లేజర్ బొమ్మను సన్న పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీకి గ్లాసును కాస్త తిప్పుతుంది. పట్టీ వెడల్పు ఎక్కువైతే అతుకులు కనిపిస్తాయి, మరీ తక్కువైతే పని నత్తనడక నడుస్తుంది. పారేసే గ్లాసు మీద రెండు మూడు వెడల్పులు వేసి చూసుకోండి.

రోటరీ తీగను, లేజర్ తలను ముందుకూ వెనక్కూ జరిపే మోటారు తీగ ఉండేచోట తగిలించే యంత్రాలే ఇళ్లలో ఎక్కువ. తగిలించేటప్పుడు, తీసేటప్పుడు కరెంటు ఆపండి, ఆపకపోతే మోటారును నడిపే బోర్డు పోయే ప్రమాదం ఉంది. యంత్రం మొదలవగానే మూలకు వెళ్లి ఆగే అలవాటు ఉంటే దాన్ని కూడా ఆపండి. మూలన ఉన్న స్విచ్చి తగిలేదాకా అది తిప్పుతూనే ఉంటుంది, రోటరీ మీద ఆ స్విచ్చి ఎప్పటికీ తగలదు. కళ్లద్దాలు పెట్టుకోండి. గుండ్రటి స్టీలు మీద పడ్డ కిరణం ఎటు తిరిగొస్తుందో ఊహించడం కష్టం. బాటిల్‌కు పీవీసీ తొడుగు ఉంటే దాని మీద లేజర్ వద్దు, క్లోరిన్ కలిసిన విషవాయువులు వస్తాయి.

ఆ 60 బాటిళ్లలో 23 మళ్లీ కొని చేసిచ్చాను. తిరస్కరించిన 23 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి. కొత్త రోటరీ ఏది వచ్చినా మొదటి పరీక్ష వాటి కింది భాగం మీదే.